చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు

కడప జిల్లాలోని ఎర్రగుంట్ల ప్రాంతము నాపరాతికి పేరుపొందినది. పగలెల్ల రాతిగనులలోను, చేలలోను కష్టించిన జనులు పండుగనాటి రాత్రి గుడిముందర చేరి పౌరాణిక నాటకములు చూచుట ఆ సీమలోని పల్లెలకు తరతరములుగా నున్న అలవాటు. హార్మోనియము శ్రుతి కుదిరినంతనే శ్రీకృష్ణుడు రాయబారమునకై కౌరవసభలో ప్రవేశించును. ఆయన రాగము తీసి పద్యమెత్తుకొనగా జనులు కదలక విందురు; ముగియగానే మరల పాడుమని కేకలు వేయుదురు. అక్షరము రాని వృద్ధులు సైతము ఆ పద్యములను తడుముకొనక అప్పగింతురు. పశువుల కాపరులు వానిని బీళ్ళలో పాడుకొనుట కలదు.

ఈ పద్యములలో పెక్కింటిని రచించినవారు తిరుపతి వేంకట కవులు. అవి వారి పాండవోద్యోగ విజయములను నాటకములలోనివి. తిరుపతి వేంకట కవులనగా ఒకరు కారు, ఇద్దరు. అందు మొదటివారు దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు. రెండవవారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు. వేంకటశాస్త్రి గారు రాజసభలలో గౌరవమందిన మహాకవులని అందరు నెరుగుదురు. కాని వారు పెక్కు సంవత్సరములు బందరులో ఉన్నత పాఠశాల తెలుగు పండితులుగా పనిచేసి, తమ జీవితకథనే పాఠముతో మేళవించి పిల్లలకు చెప్పి, ఒక తరము కవులను తీర్చిదిద్దిరను సంగతి అందరికిని తెలియదు.

వేంకటశాస్త్రి గారు 1870వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన గోదావరి మండలములోని కడియము గ్రామమున జన్మించిరి. తండ్రి కామయ్య గారు, తల్లి చంద్రమ్మ గారు. వారి వంశమున పూర్వము కవులుండిరి. ఆ పెద్దలు సంపాదించిన తాళపత్ర గ్రంథములు ఇంటనుండుటచే బాలుడైన వేంకటశాస్త్రికి పద్యము చుట్టమువంటిదైనది. సిరిసంపదలు మాత్రము ఆ యింట లేవు.

ఆయన బాల్యముననే కుటుంబము యానామునకు మారెను. యానాము నాడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. 1954లో గాని అది భారతదేశమున కలియలేదు. చుట్టును తెలుగుసీమ, నడుమ పరాయి ప్రభుత్వము. అట్టి చిన్న పట్టణమున ఆ బాలుడు తెలుగు, సంస్కృతములతోపాటు కొంత ఇంగ్లీషు, కొంత ఫ్రెంచి చదివెను. ఆయన మనస్సు మాత్రము పద్యము మీదనే నిలిచియుండెను. చూచినదానిపై పద్యము చెప్పుట, వినినదానిని మరువకుండుట చిన్ననాడే అబ్బినవి.

పదునెనిమిదవ యేట వేంకటశాస్త్రి యానాములోని వేంకటేశ్వరస్వామిపై ఒక శతకము చెప్పెను. ఆ వయస్సున శతకము పూర్తిచేసిన యువకునకు ఎంత సంతోషముండునో ఊహింపవచ్చును. కాని ఆ సంతోషము నిలువలేదు. పద్యములను పరిశీలించిన కొందరు అందు వ్యాకరణ దోషములున్నవని యెత్తిచూపిరి. అది ఆయన మనస్సునకు ములుకువలె గ్రుచ్చుకొనెను.

ఇట్టి సమయమున మనుష్యునకు రెండు త్రోవలుండును. దోషము చూపినవారిపై కినుక వహించి కూర్చుండుట ఒకటి. ఆ దోషము మరల దొరలకుండునట్లు చదువుట రెండవది. వేంకటశాస్త్రి రెండవ త్రోవను పట్టెను. వ్యాకరణము సమగ్రముగా నేర్వవలెనన్నచో కాశికి పోవలెనని ఆనాటి పండితుల మాట. కాశికి పోవుటకు చేతిలో ధనము లేదు. కావున మొదట గోదావరి మండలములోనే కడియెద్ద గ్రామమున చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారను పండితుని చేరి, వ్యాకరణపాఠము ప్రారంభించెను. ఆనాటి గురువులు విద్యకు వెల కట్టెడివారు కారు. శిష్యుడు గురుని యింట మెలగుచు, సేవ చేయుచు, చెప్పినదానిని వల్లించి అప్పగింపవలెను. తరగతిగది, గంట, హాజరుపట్టీ ఏవియు లేవు. గురువెట్లు లేచుచున్నాడో, ఎట్లు చదువుచున్నాడో, ఎట్లు ఓర్చుకొనుచున్నాడో శిష్యుడు దినమెల్ల చూచుచుండును. గురుని జీవితము కూడ ఒక పాఠమే యని వేంకటశాస్త్రి అచ్చటనే గ్రహించియుండవచ్చును.

ఆ గురుకులముననే ఆయనకు దివాకర్ల తిరుపతిశాస్త్రి సహాధ్యాయి యయ్యెను. తిరుపతిశాస్త్రి 1872లో యెండగండి గ్రామమున జన్మించినవాడు. ఇద్దరి స్వభావములకు పోలిక తక్కువ. తిరుపతిశాస్త్రి మితభాషి, లౌకిక వ్యవహారములు పట్టనివాడు, సంస్కృతమున దిట్ట. వేంకటశాస్త్రి మాటకారి, సభను చూచి దాని మనస్సు కనిపెట్టగలవాడు, తెలుగు పలుకుబడి ఆయనకు కరతలామలకము. ఒక వినాయకచవితి ఉత్సవమునకు చందాలు పోగుచేయు సందర్భమున ఇద్దరును తమ ప్రతిభను కలిపి చూపిరి. ఒకరి కొరతను మరొకరు పూడ్చుచుండుట ఇద్దరికిని తెలిసినది. నాటినుండి ఆ జంట విడిపోలేదు.

కాశీ కోరిక మాత్రము వేంకటశాస్త్రిని వదలలేదు. దారిఖర్చునకు ఆయన ఒకరిని చేయిచాచి యాచింపలేదు. పల్లెలలో అష్టావధానములు చేసి, జనులు మెచ్చి యిచ్చిన రూకలను కూడబెట్టుకొని బయలుదేరెను. విద్యకొరకు విద్యనే పెట్టుబడి పెట్టిన ఈ యాత్ర ఆయన జీవితమున నొక ముఖ్యఘట్టము. కాశిలో కొంతకాలము శాస్త్రము చదివి స్వదేశమునకు మరలి వచ్చెను. యానాములో తలవంచుకొనిన యువకుడు ఇప్పుడు ఎవరేమి యడిగినను తలయెత్తి సమాధానము చెప్పగల పండితుడయ్యెను.

ఇచ్చట అవధానమనగా నేమియో తెలిసికొనుట యవసరము. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు కవిని చుట్టి కూర్చుందురు. ఒకరు చిక్కుముడివంటి సమస్య నిచ్చి పూరింపుమందురు. ఒకరు ప్రతి యక్షరమునకును నిషేధము పెట్టుదురు. ఒకరు తాము కోరిన పదములను చొప్పించి పద్యము చెప్పుమందురు. ఒకరు అసందర్భముగా మాటలాడి కవి మనస్సును చెదరగొట్టుటకు యత్నింతురు. వేరొకరు నడుమనడుమ గంట కొట్టుచుందురు. మొత్తము ఎన్ని గంటలు మ్రోగినవో కవి కడపట చెప్పవలెను. శతావధానమున పృచ్ఛకులు నూరుగురు. నూరుగురికిని మొదట ఒక్కొక్క పాదము చెప్పవలెను. ఆ వరుస ముగిసిన పిమ్మట మరల మొదటివానికడకు వచ్చి రెండవ పాదము చెప్పవలెను. ఇట్లు నాలుగు ఆవృత్తులలో నాలుగువందల పాదములు పూర్తియగును. తుదకు నూరు పద్యములను వరుసగా అప్పగింపవలెను. దీనిని ధారణ యందురు. కలము లేదు, కాగితము లేదు. ఉన్నది మనస్సొక్కటే.

తిరుపతి వేంకట కవులు ఇద్దరును కలిసి ఈ విద్యను ప్రదర్శించిరి. కాకినాడలో వారు చేసిన శతావధానము పండితులను ఆశ్చర్యచకితులను చేసెను. ఒకరొక పాదము చెప్పగా మరియొకరు తరువాతి పాదమందుకొనుచుండిరి. విన్నవారికి అది ఒక్కనోట వెడలిన పద్యమే యనిపించెడిది. అటుపిమ్మట వారు గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి, విజయనగరము, పిఠాపురము మున్నగు సంస్థానములు తిరిగి రాజులచేత సన్మానములందిరి. ఆ యాత్రలలోని పద్యములు నానారాజసందర్శనమను గ్రంథమున చేరినవి. పండితుల యిండ్లలోను, రాజుల కొలువులలోను దాగియున్న పద్యము వీరి మూలమున బజారునకు వచ్చినది. అవధానము చూచుటకు రైతులును, వర్తకులును, బడిపిల్లలును గుంపులుగా వచ్చెడివారు. తెలుగుదేశమున పద్యము చెప్పవలెనను ఉత్సాహము ఊరూర మొలకెత్తెను.

ఆ కవులు మీసములు పెంచిరి. పండిత కులమున బుట్టినవారికి మీసమేమని కొందరు ఆక్షేపించిరి. దానికి వారు పద్యముతోనే బదులు చెప్పిరి. సంస్కృతాంధ్రములు రెండింటను తాము కవులమని చాటుటకే మీసము పెంచితిమనియు, తమ్ము గెలిచినవారున్నచో దానిని తీసివేసి మ్రొక్కెదమనియు ఆ పద్యభావము. ఇంతటి ధీమా కలవారికి విరోధులు లేకుండుట సాధ్యము కాదు. ఇతర కవులతో వారికి వివాదములు పెక్కు జరిగినవి. అవి పత్రికల కెక్కినవి, పుస్తకములైనవి. రెండు పక్షములవారును పరుషములాడిరి. మహాకవులైనను మానవులే గదా! కాని ఆ వివాదములు కూడ శబ్దము సాధువా కాదా, ప్రయోగము కలదా లేదా యను చర్చలతో నిండియుండుటచే, చదివినవారికి వ్యాకరణము దానంతట అదియే అలవడెడిది.

కాలక్రమమున ఇద్దరు మిత్రులకును వేర్వేరు చోట్ల జీవనము కుదిరెను. తిరుపతిశాస్త్రి గారు పోలవరము జమీందారుగారి ఆశ్రయమున నిలిచిరి. వేంకటశాస్త్రి గారు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా చేరిరి. ఏనుగు నెక్కి ఊరేగిన కవి చేతిలో సుద్దముక్క పట్టుకొని నల్లబల్లముందు నిలిచెను. ఆ కాలమున పాఠశాలలలో ఇంగ్లీషునకే పెద్దపీట. ఉద్యోగములు దానివలననే వచ్చుచుండెను. తెలుగు పండితునకు జీతము తక్కువ. గౌరవము అంతకంటె తక్కువ. తెలుగు గంట వచ్చినదన్న పిల్లలకు విశ్రాంతి దొరకినట్లే యుండెడిది. అట్టి తరగతిలో నిలిచి పిల్లల మనస్సులను తెలుగువైపు త్రిప్పుట నూరుగురు పృచ్ఛకుల నడుమ అవధానము చేయుటకంటె సులువైన పని కాదు.

సాధారణముగా ఆనాటి పద్యబోధన యెట్లుండెడిదో పెద్దలెరుగుదురు. పద్యము చదువుట, పదవిభాగము చేయుట, ప్రతిపదార్థము చెప్పుట, తాత్పర్యము వ్రాయించుట. ఇంతటితో పాఠము సమాప్తము. వేంకటశాస్త్రి గారి మార్గము వేరు. ఆయన పాఠము కబుర్లవలె సాగెడిది. భారతములోని ఒక పద్యము మొదలుపెట్టినచో అందలి ఒక పలుకుబడి ఆయనను ఎన్నడో జరిగిన ఒక సభకు తీసికొనిపోవును. ఆ సభలో ఏ పండితుడేమి యడిగెనో, తామేమి చెప్పిరో, తిరుపతిశాస్త్రి గారు ఏ పాదమందించిరో, తుదకు ఏమి జరిగెనో కన్నులకు కట్టునట్లు వర్ణించుదురు. అచ్చటినుండి కాశికి, కాశినుండి కడియెద్దలోని గురువుగారి యింటికి, అచ్చటినుండి యానామునకు కథ నడచును. పిల్లలు తాము తరగతిలో నున్నామను మాటయే మరచి వినుచుందురు. ఎంత దూరము పోయినను కథ తుదకు ఆ మొదటి పద్యమునొద్దకే వచ్చి నిలుచును. అప్పటికి ఆ పద్యము పిల్లల నోటికి దానంతట అదియే వచ్చియుండెడిది.

పైకి చూచువారికి ఇది పాఠము ప్రక్కదారి పట్టుటగా కనబడవచ్చును. నిజమునకు పాఠము లోతునకు దిగుట అదియే. సమాసమని, సంధియని, యతియని చెప్పినచో పిల్లవానికి అవి సూత్రములు మాత్రమే. ఒక సంధి తప్పినందులకు పదునెనిమిదేండ్ల యువకుడొకడు నలుగురిలో తలదించుకొనెనని, ఆ తప్పు దిద్దుకొనుటకై కాశివరకు పోయెనని, ఆ యువకుడు తానేయని గురువు చెప్పినచో ఆ సంధి జన్మలో మరపునకు రాదు. అవధానమున ఏ కవికి ఏ ప్రాస యడ్డము తగిలెనో, ఏ పదము ఆదుకొనెనో విన్న పిల్లవానికి ఛందస్సు లెక్కలపట్టికవలె కాక నీటిలో నీదుటవంటి విద్యగా తోచును. ఈదుట గట్టున నిలిచి చెప్పిన రాదు. ఈదినవాడు చేయిపట్టుకొని దింపవలెను.

వేంకటశాస్త్రి గారి కథలలో గెలుపులతోపాటు పరాభవములును ఉండెడివి. గురువులు సామాన్యముగా తమ పాండిత్యమును చూపుదురు గాని దానిని సంపాదించుటలో తాము పడిన పాట్లు చూపరు. అందుచే పిల్లలకు గురువు పుట్టుకతోనే సర్వజ్ఞుడనియు, తమకు ఆ విద్య రాదనియు ఒక భ్రమ కలుగును. వేంకటశాస్త్రి గారు ఆ భ్రమను తొలగించిరి. ధనము లేని యింట పుట్టినవాడు, మొదట తప్పులు వ్రాసినవాడు, దారిఖర్చునకై ఊరూర తిరిగినవాడు రాజసభలలో నిలువగలిగినచో తామేల నిలువలేమని బందరు పిల్లలకు తోచినది. గొప్పతనము ఆకాశమునుండి ఊడిపడునది కాదనియు, అది మెట్లున్న కొండయనియు, మొదటి మెట్టు తమ కాళ్ళయొద్దనే యున్నదనియు వారు తెలిసికొనిరి.

ఆ తరగతులలో కూర్చున్న పిల్లలెవరో చూచినచో ఈ బోధన ఫలమెట్టిదో తెలియగలదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఆయన శిష్యులు. వారు తరువాత ప్రాచీన తాళపత్ర గ్రంథములను వెదకి, పరిష్కరించి, మరుగుపడిన తెలుగు కావ్యములను వెలికి తెచ్చిరి. తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనల ప్రకటనకై కృషిచేసిరి. పింగళి లక్ష్మీకాంతము గారును, కాటూరి వేంకటేశ్వరరావు గారును మరి యిద్దరు శిష్యులు. గురువుగారి జంటకవిత్వ కథలు విని పెరిగిన ఆ మిత్రులు తామును జంటయై సౌందరనందమను కావ్యమును రచించి దానిని గురువుగారికే అంకితమిచ్చిరి. లక్ష్మీకాంతము గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులైరి. వేంకటేశ్వరరావు గారు కృష్ణాపత్రికకు సంపాదకులైరి. బహుభాషావేత్తయైన వేలూరి శివరామశాస్త్రి గారును వేంకటశాస్త్రి గారి శిష్యులే.

వీరందరిలో లోకమున మిక్కిలి ప్రసిద్ధికెక్కినవారు విశ్వనాథ సత్యనారాయణ గారు. 1895లో నందమూరులో జన్మించిన ఆయన బందరులో వేంకటశాస్త్రి గారికడ చదివిరి. తరువాత తామును అధ్యాపకులై, వేయిపడగలు వంటి నవలలు, శ్రీమద్రామాయణ కల్పవృక్షమను మహాకావ్యము రచించిరి. ఆ కావ్యమునకు 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించెను. తెలుగునకు వచ్చిన మొదటి జ్ఞానపీఠమదియే. తనవంటి శిష్యుడు లభించిన భాగ్యము నన్నయకు లేదు, తిక్కనకు లేదు, తన గురువునకే కలదని విశ్వనాథవారు ఒక పద్యమున చెప్పుకొనిరి. అందు కవి యతిశయమును కలదు, శిష్యుని భక్తియు కలదు. తన గొప్పనంతయు గురువు ఖాతాలో వేసిన మాట యది.

ఇచ్చట గమనింపవలసిన విశేష మొకటి యున్నది. వేంకటశాస్త్రి గారి పద్యము సెలయేటివంటిది, వినినంతనే అర్థమగును. విశ్వనాథవారి పద్యము చాలచోట్ల అడవివంటిది, ఆగియాగి నడువవలెను. ప్రభాకరశాస్త్రి గారు పరిశోధనను చేపట్టిరి. లక్ష్మీకాంతము గారు విమర్శను, విశ్వవిద్యాలయ బోధనను చేపట్టిరి. ఒక్క గురువు శిష్యులై యుండియు ఎవరి దారి వారిది. గురువు తన పద్యములను మాత్రమే నేర్పియున్నచో వారందరు ఆయనకు అచ్చులైయుండెడివారు. ఆయన తన జీవితమును ఎదుట పెట్టెను. దానినుండి ఎవరికి కావలసిన ధైర్యము వారు తీసికొనిరి. గురువు నడచిన కథ విన్నవాడు గురువు అడుగులలోనే నడువనక్కరలేదు. నడువవచ్చునను నమ్మకము కుదిరిన చాలును.

1920లో వేంకటశాస్త్రి గారికి తీరని దుఃఖము కలిగెను. ఆ యేట తిరుపతిశాస్త్రి గారు మరణించిరి. సభలలో తాను ఒక పాదము చెప్పి ఆగినచో రెండవ పాదమందించు కంఠము మూగవోయినది. వేంకటశాస్త్రి గారు అటుపిమ్మట ముప్పది సంవత్సరములు జీవించిరి. ఆ కాలమున తామొక్కరే కావ్యములు రచించియు వానిని తిరుపతి వేంకటీయములనియే ప్రకటించిరి. మిత్రుడు గతించినను పేరు విడదీయలేదు. స్నేహమును గూర్చి వేరుగా నొక పాఠము చెప్పనక్కరలేకుండ ఆ రెండు పేర్ల కూడికయే పాఠమైనది.

తరగతి గదిలో చెప్పిన కథలు గాలిలో కలిసిపోకుండుట మరియొక భాగ్యము. వేంకటశాస్త్రి గారు తమ జీవితమును జాతకచర్య యను పద్యగ్రంథమున వర్ణించిరి. పెద్దవయస్సున తాము చూచినవి, వినినవి, చేసినవి, పడినవి యన్నింటిని గూర్చి వచనమున వ్యాసములు వ్రాసి పత్రికలలో ప్రకటించిరి. అవియే కథలు - గాథలు అను పేర గ్రంథరూపము దాల్చినవి. రాజసభలలో ప్రౌఢపద్యములు చెప్పిన ఆ కవి ఈ వ్యాసములను వాడుకభాషలో, ఎదుట కూర్చున్నవారితో ముచ్చటించునట్లు వ్రాసిరి. ఒక కథలోనుండి ఇంకొక కథ పుట్టును. దానినుండి మరియొకటి పుట్టును. మొదలుపెట్టిన మాట మరచిరేమో యనుకొనునంతలో మరల దానికే వచ్చుదురు. ఆయన పాఠము విను భాగ్యము లేనివారు ఆ గ్రంథము చదివినచో బందరు తరగతిలో వెనుకబల్లపై కూర్చుండి వినినట్లే యుండును. ఆనాటి గురుకులములు, ప్రయాణములు, భోజనములు, పండితుల పట్టుదలలు, జమీందారుల ముచ్చటలు అందు కనబడును. చరిత్రకారులకును అది యొక గనియే.

వేంకటశాస్త్రి గారికి వార్ధక్యమున గౌరవములు పెక్కు లభించినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1938లో కళాప్రపూర్ణ బిరుదమిచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నాటి మద్రాసు ప్రభుత్వము 1949లో ఆయనను ఆస్థానకవిగా నియమించెను. చిన్ననాడు రాజాస్థానములు వెదకికొనుచు పోయిన కవికి, రాజులు లేని కాలమున ప్రజాప్రభుత్వమే ఆస్థానమైనది. 1950వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన, మహాశివరాత్రి పర్వదినమున, ఆయన శివసాన్నిధ్యము చేరిరి.

ఆయన రాసిన నాటకములు పల్లెపల్లెకు పోయినవి. కోస్తాలో పుట్టిన పద్యము పెన్నానది దాటి రాయలసీమ మట్టిలో వేరూనినది. ఆ పద్యములను పాడువారిలో పెక్కురకు కవిపేరు తెలియకపోవచ్చును. కవికి అదియొక విధమైన గెలుపే. కాని ఆ పద్యములతో సమానముగ తలపోయవలసినది ఆయన పెట్టిన మరియొక యొరవడి యున్నది. విద్య గ్రంథమునందున్నప్పుడు దీపములోని నూనెవంటిది. గురువు తన యనుభవమనెడి వత్తిని అందు ముంచి వెలిగించినప్పుడే అది వెలుగగును. ఆ వెలుగున శిష్యుడు గురువు ముఖమును మాత్రమే కాక తాను పోవలసిన త్రోవను కూడ చూచును.

చదువులో తప్పు దొరలినప్పుడు సిగ్గుపడి పుస్తకము మూసివేయు బాలునకు యానాములోని ఆ పదునెనిమిదేండ్ల యువకుడు గుర్తునకు రావలెను. తప్పు ఎత్తిచూపబడిన నాడే ఆయన విద్యకు నాంది పలికినది. ఆ సంగతిని దాచుకొనక పిల్లలకు చెప్పినందుననే ఆయన విద్య తనతో ముగియక వారి మూలమున ముందునకు సాగినది.